ఊపిరితిత్తులకు జన్యువైద్యం: వైరస్ లేకపోతే భయం లేనట్టేనా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. బి.పి., షుగరు గురించి డాక్టర్లు ఏటా చెబుతూనే ఉన్నారు కనుక నేను వేరే విషయం ఎంచుకున్నాను. నేను డాక్టరును కాను. ప్రభుత్వ ఆసుపత్రిలో ముప్పయ్యొక్క ఏళ్ళు పనిచేసి రిటైరైన ఫార్మసిస్టును. మందుల గదిలో నేర్చుకున్న మొదటి పాఠం ఇది: మందు ఎంత మంచిదో చూస్తే చాలదు, అది ఏ దారిన ఒంట్లోకి వెళుతుందో కూడా చూడాలి. జన్యువైద్యంలో చిక్కంతా ఆ దారి దగ్గరే ఉంది.

సిస్టిక్ ఫైబ్రోసిస్ అని పుట్టుకతో వచ్చే జబ్బు ఒకటి ఉంది. యూరప్ సంతతివారిలో ఎక్కువ, మన దేశంలోనూ ఉంది. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులలోనూ ఒక జన్యువు చెడిపోయి ఉంటే ఈ జబ్బు వస్తుంది. కణాలలో ఉప్పు, నీరు రాకపోకలు దెబ్బతిని, ఊపిరితిత్తులలో శ్లేష్మం జిగురులా చిక్కబడుతుంది. అందులో సూక్ష్మక్రిములు తిష్ఠవేస్తాయి. 1989లో ఆ జన్యువును కనుగొన్నారు. మంచి జన్యువును ఊపిరితిత్తులకు అందిస్తే సరిపోతుంది కదా అని అప్పుడు అందరూ అనుకున్నారు.

అందించేదెవరు? కణంలోకి చొరబడడంలో వైరస్‌ను మించినది లేదు. అందుకని ముందు వైరస్‌లనే వాహనాలుగా వాడారు. కాని శరీరం వైరస్‌ను శత్రువుగా గుర్తుపడుతుంది. రెండోసారి ఇచ్చేసరికి దాన్ని అడ్డుకునే శక్తి తయారై ఉంటుంది. 1999 సెప్టెంబరులో అమెరికాలో, కాలేయానికి సంబంధించిన మరొక జబ్బు కోసం జరిగిన ప్రయోగంలో, జెస్సీ గెల్సింజర్ అనే 18 ఏళ్ళ యువకుడు వైరస్ వాహనంగా ఇచ్చిన జన్యువు ఎక్కించుకున్న నాలుగు రోజులకు చనిపోయాడు. ప్రపంచమంతా ఉలిక్కిపడింది.

రెండో మార్గం వైరస్ లేనిది. జన్యుపదార్థమైన డి.ఎన్.ఏ.కు ఋణ విద్యుదావేశం ఉంటుంది. ధన ఆవేశం గల కొవ్వు అణువులను దానితో కలిపితే రెండూ అంటుకుని అతి సూక్ష్మమైన ఉండలవుతాయి. వీటిని నానోమీటర్లలో కొలుస్తారు. నానోమీటరంటే మీటరులో వంద కోట్లవ వంతు. ఈ ద్రవాన్ని ఆస్త్మా రోగులకు పెట్టే నెబ్యులైజర్ లాంటి పరికరంతో పీల్పిస్తారు.

వైరస్ లేదు కనుక భయం లేదని అనవచ్చునా? అనుభవం ఏం చెప్పిందో చూడండి. లండన్‌లో ఎరిక్ ఆల్టన్ గారి బృందం 1999లో ఒక చిన్న ప్రయోగం ఫలితాలు ప్రకటించింది. ఎనిమిది మందికి కొవ్వుతో కలిపిన జన్యువు, మరో ఎనిమిది మందికి ఒట్టి కొవ్వు పీల్పించారు. రెండు జట్లలోనూ ఆరుగురేసికి శ్వాసనాళాలలో స్వల్పంగా ఇబ్బంది కలిగింది. కాని ఫ్లూ జ్వరం వంటి లక్షణాలు జన్యువు పీల్చినవారిలోనే, ఎనిమిది మందిలో ఏడుగురికి వచ్చాయి. అవి 36 గంటలలో తగ్గిపోయాయి.

ఇక్కడ గమనించవలసింది ఉంది. ఒట్టి కొవ్వుకు రాని జ్వరం జన్యువు కలిస్తే వచ్చింది. ఆ డి.ఎన్.ఏ.ను బాక్టీరియాలో పెంచి తయారుచేస్తారు. బాక్టీరియా డి.ఎన్.ఏ.లో సి, జి అనే అక్షరాల జంట ఒక ప్రత్యేక రూపంలో ఉంటుంది. మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని చూడగానే క్రిమి వచ్చిందనుకుని కేక పెడుతుంది. అందుకని శాస్త్రవేత్తలు ఆ జంటలు ఒక్కటీ లేని కొత్త డి.ఎన్.ఏ.ను తయారుచేసి, ఎలుకలలో వాపు తగ్గిందని 2008లో చూపించారు. ఏడుగురికి వచ్చిన జ్వరాన్ని చిన్న విషయమని కొట్టిపారేయకుండా కారణం వెతికినందువల్ల కలిగిన మేలు ఇది.

ఆ తరువాత లండన్, ఎడింబరోలలో పెద్ద ప్రయోగం చేశారు. 12 ఏళ్ళు దాటిన 140 మందిని చీటీలు వేసినట్టు రెండు జట్లు చేసి, నెలకొకసారి చొప్పున ఏడాదిపాటు ఒక జట్టుకు మందు, ఒక జట్టుకు ఉప్పునీరు పీల్పించారు. 2015లో ఫలితాలు వచ్చాయి. మందు వల్ల కలిగిన దుష్ఫలితాలలో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఊపిరి బలంలో మాత్రం తేడా 3.7 శాతమే. మందు తీసుకున్నవారి స్థితి దాదాపు నిలకడగా ఉంది, ఉప్పునీటివారిది తగ్గింది. అంటే భద్రత బాగానే ఉంది, గుణం స్వల్పం. ఆ బృందం తరువాత మరింత గుణం కోసం మరో రకం వైరస్ వాహనం వైపు మళ్ళింది.

ఇదంతా మనకెందుకంటారా? మన సభ్యులలో ఒకరి మనుమడికి ఈ జబ్బుంది. "వైరస్ లేని జన్యువైద్యమట, పీలిస్తే చాలట, ప్రమాదమే లేదట. ఉన్న ఇంటిస్థలం అమ్మి ఇప్పించమంటారా?" అని వారు నన్నడిగారు. వద్దన్నాను. ఈ జబ్బుకు పీల్చే జన్యువైద్యం ఏదీ ఇంతవరకు ఆమోదం పొంది అమ్మకానికి రాలేదు. 2012 నుంచి వచ్చిన కొన్ని మాత్రలు ఉన్నాయి గాని, అవి జన్యువులో లోపం ఏ రకమో దాన్నిబట్టి పనిచేస్తాయి. కనుక ముందు జన్యుపరీక్ష చేయించి, స్పెషలిస్టును అడగమన్నాను.

ఎవరైనా ఇటువంటి చికిత్స ఉందని చెబితే నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది ఆమోదం పొందిన మందా, ప్రయోగమా? ప్రయోగమైతే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నంబరు ఎంత? ఏ ఎథిక్స్ కమిటీ అనుమతించింది? ప్రయోగంలో చేరినవారి దగ్గర మందుకు డబ్బెందుకు అడుగుతున్నారు? భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాల ప్రకారం పరిశోధన ఖర్చు రోగిమీద వేయకూడదు.

శాస్త్రం మీద అనుమానం పెంచడానికి ఇదంతా చెప్పలేదు. కోవిడ్ టీకాలలో కొన్ని ఇటువంటి కొవ్వు కణాలమీదే ఎక్కి కోట్లమందికి చేరాయి. కాని చేతి కండలో వేసే సూది దారి వేరు, ఊపిరితిత్తుల దారి వేరు. ఒక దారిన నిరపాయమైనది ఇంకో దారిన కూడా నిరపాయమని మళ్ళీ రుజువు చేయవలసిందే. ఉప్పునీరో మందో తెలియకుండానే ఏడాదిపాటు ఓపికగా పీల్చిన ఆ రోగులు ఆ రుజువు కోసమే కూర్చున్నారు. వారికి మనమంతా ఋణపడి ఉన్నాం.