నీటియొడ్డున నిండ్ల వెల



కల్లూరునకు సముద్రము బహుదూరము. అయినను తీరమందలి యిండ్ల వెలను గూర్చి ముచ్చటింప నెంచితిని. ఏలయన, మనవారు కూఁతులకుఁ బసుపుకుంకుమల క్రింద స్థలములు కొనునపుడు గజముల లెక్కయే చూతురు గాని, నీటిజాడ నడుగరు.

మన కెఱుకపడిన గోదావరినే తీసికొందము. భద్రాచలమువద్ద 1986లో 75.6 అడుగులును, 2022 జులైలో 71.3 అడుగులును వఱద వచ్చెను. ఇండ్లు మునిఁగెను, కాని నీరు తీసిన పిదప నేల మిగిలెను. కాకినాడ చేరువనున్న ఉప్పాడలో నట్లు గాదు. అచటఁ గడలి యింటితోఁ గూడ నేలనే మ్రింగుచున్నది. ఒడ్డునఁ గట్టిన జియోట్యూబు గోడయు దెబ్బతినెను. దస్తావేజు పెట్టెలో భద్రముగా నుండును. అందలి నాలుగు హద్దులు మాత్రము కెరటముల క్రింద నుండును!

భూతాపమువలన సముద్రమట్టము 1901 మొదలు 2018 వఱకు సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినదని శాస్త్రజ్ఞుల లెక్క. నదులు తేవలసిన యిసుక యానకట్టలవద్ద నిలిచిపోవుటయుఁ దీరపుఁ గోఁతకుఁ దోడగుచున్నది. దోషమంతయు నొక్క భూతాపముదే యనుట న్యాయము గాదు.

వెల యిల్లు కూలిననాఁడు పడునది కాదు. కొనువాఁడు సందేహించిననాఁడే పడును. అప్పిచ్చువాఁడును వెనుదీయును. కలవాఁడు ముందే యమ్ముకొని పోవును. వల యాధారమైనవాఁడును, ఇంటనే మగ్గమున్న నేతగాఁడును ఎచటికిఁ బోఁగలరు?

భద్రాచలము, బూర్గంపాడు ప్రాంతములఁ గొనఁదలఁచినవారికి నాదొక్క విన్నపము. బయానా యిచ్చుటకు ముందు ఆ వీథిలోని ముసలమ్మల నడుగుఁడు: 1986లో నీ రే గోడవఱకు వచ్చెను? 2022లో నే గుమ్మము దాఁటెను? అమ్మువాఁడు చెప్పనిది వారు చెప్పుదురు.