ఇంటిపేరు మారినా మారనిది



మధ్యాహ్నం భోజనాలయి, గిన్నెలు సర్దుకుని, కాస్త నడుం వాల్చే వేళకి ఈవిడ ఫుట్‌బాల్ గురించి మాట్లాడుతుందేమిటా అనుకుంటున్నారు కదూ? ఆటలో ఎత్తులూ పైఎత్తులూ నాకూ అంతంత మాత్రమే తెలుసు. నేను చెప్పబోయేది ఆట గురించి కాదు, ఆట మీద పెంచుకునే మమకారం గురించి.

మనందరి ఇళ్ళలోనూ జరిగేదే. అభిమాన జట్టు ఓడిపోయిన రాత్రి పిల్లవాడు అన్నం ముట్టడు. ఇంటాయన మొహం ముడుచుకుని పడుకుంటారు. "వాళ్ళెవరో ఎక్కడో ఓడిపోతే మీకెందుకండీ ఈ బాధ?" అని మనం విసుక్కుంటాం. నిజమే, ఆ ఆటగాళ్ళు మనకి చుట్టాలా పక్కాలా? జీతభత్యాలు వాళ్ళవి, నిద్ర చెడేది మనవాళ్ళకి. మరి జీవితాంతం వదలని ఈ అభిమానం ఎక్కడ పుడుతుంది? ఈ ప్రశ్నకి నాకు జవాబు చెప్పింది ఏ ఆటగాడూ కాదు, మనలాంటి ఒక గృహిణి.

మా నాన్నగారి రైల్వే ఉద్యోగం వల్ల నా చిన్నతనం ఖరగ్‌పూర్‌లో గడిచింది. ఆ ఊళ్ళో తరాలుగా స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాలు బోలెడు. మా పక్క క్వార్టర్లో ఒక బెంగాలీ కుటుంబం ఉండేది. ఆవిడని మేం పిల్లలం మాసీమా అని పిలిచేవాళ్ళం. మాసీమా అంటే పిన్నిగారన్నమాట. మా అమ్మ దీదీ అనేది.

బెంగాలీల ఫుట్‌బాల్ సంగతి కొంచెం చెప్పాలి. కలకత్తాలో రెండు పెద్ద క్లబ్బులున్నాయి. ఒకటి 1889లో పుట్టిన మోహన్ బగాన్. 1911 జూలై 29న ఐ.ఎఫ్.ఎ. షీల్డు ఫైనల్లో ఈ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు వాళ్ళని 2-1 గోల్స్‌తో ఓడించింది. బూట్లు తొడుక్కున్న తెల్ల సైనికుల మీద, ఒక్కరు తప్ప అందరూ ఉత్తికాళ్ళతో ఆడి గెలిచారు. పరాయి పాలనలో ఉన్న జనానికి అది ఆటగా మాత్రమే కనిపిస్తుందా చెప్పండి? ఆ రోజుని ఇప్పటికీ ఏటేటా పండగలా జరుపుకుంటారు.

రెండోది 1920 ఆగస్టు 1న వెలసిన ఈస్ట్ బెంగాల్. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన ఆటగాణ్ణి ఒక మ్యాచ్‌లో ఆడించకుండా పక్కన పెట్టారన్న కోపంతో, ఆ ప్రాంతం వాళ్ళే కలిసి పెట్టుకున్న క్లబ్బు అది. తర్వాత 1947లో దేశవిభజన జరిగింది. ఇల్లూ పొలమూ చెరువూ అన్నీ సరిహద్దు అవతల వదిలేసి లక్షలమంది ఇవతలికి వచ్చారు. వాళ్ళకి కొత్త ఊళ్ళో తమ ఊరి పేరుతో మిగిలింది ఈ ఒక్క క్లబ్బే. ఎరుపూ బంగారు రంగుల చొక్కా చూస్తే వాళ్ళకి పోగొట్టుకున్న గడప గుర్తొచ్చేది.

ఈ పోటీ మైదానంతో ఆగలేదు, వంటింట్లోకీ వచ్చింది. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఆ ఇళ్ళలో ఇలిశ చేప వండుతారు. పుస్తెలమ్మి అయినా తినాలని మన గోదావరి జిల్లాల వాళ్ళు చెప్పే పులస ఉందే, ఆ జాతే. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు, కొబ్బరిపాలు పోసి.

మాసీమా పుట్టిల్లు కలకత్తాలోనే, తరతరాలుగా మోహన్ బగాన్ ఇల్లు. మెట్టినిల్లు విభజన తర్వాత బారిసాల్ నుంచి వచ్చిన ఈస్ట్ బెంగాల్ ఇల్లు. చూశారా చిక్కు! పెళ్ళితో ఆవిడకి ఇంటిపేరు మారింది. గోత్రం మారింది. కూరలో వేసే పంచదార దగ్గర్నుంచి మాట్లాడే యాస దాకా అన్నీ అత్తగారింటి పద్ధతిలోకి మార్చుకుంది. జట్టు మాత్రం మారలేదు. కాకపోతే ఆ సంగతి బయటికి ఎప్పుడూ అనేది కాదు.

1997 జూలై 13, ఆదివారం. ఫెడరేషన్ కప్పు సెమీఫైనల్లో ఈ రెండు జట్లూ కలకత్తా సాల్ట్‌లేక్ స్టేడియంలో తలపడ్డాయి. 1,31,000 మందికి పైగా జనం చూశారు. మన దేశంలో ఏ ఫుట్‌బాల్ మ్యాచ్‌కీ అంతమంది రాలేదని చెప్తారు. మోహన్ బగాన్ శిక్షకుడు అమల్ దత్తా ఆటకి ముందు అవతలి ఆటగాళ్ళని ఎగతాళి చేస్తూ మాట్లాడారు. దాంతో ఈస్ట్ బెంగాల్ వాళ్ళ పట్టుదల ఇంకాస్త పెరిగింది. వాళ్ళ శిక్షకుడు పి.కె. బెనర్జీ. సిక్కిం కుర్రాడు బైచుంగ్ భుటియా మూడు గోల్స్ కొట్టాడు. ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది.

మా పక్కింట్లో ఒకటే సంబరం. మాసీమా భర్త సంచీ పుచ్చుకుని బజారుకి పరుగెత్తారు. సాయంత్రం మా అమ్మ నన్ను ఏదో గిన్నె ఇచ్చి రమ్మని పంపింది. నాకప్పుడు 15 ఏళ్ళు. వెళ్ళి చూద్దును కదా, మాసీమా వంటింట్లో ఒక్కతే కూర్చుని ఆవపిండి నూరుతోంది. ఇలిశ ముక్కలకి పట్టించడానికి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవఘాటు అనుకున్నాను. అందరికీ వడ్డించి, తను మాత్రం పప్పూ అన్నం తిని లేచిందని తర్వాత తెలిసింది.

మర్నాడు, కుర్రతనం కదా, అడిగేశాను. "ఎలాగూ ఈ ఇంటికి వచ్చేశారుగా మాసీమా, మీరూ ఈస్ట్ బెంగాల్‌లో చేరిపోతే ఈ ఏడుపు ఉండదుగా?" అని.

ఆవిడ నవ్వింది. "మా నాన్న రేడియో పక్కన కూర్చుని ఆట వినేవాడమ్మా. కరెంటు పోతే నేను పక్కన కూర్చుని విసనకర్రతో విసిరేదాన్ని. గెలిస్తే అన్నయ్యల్ని ఎత్తుకుని గెంతేవాడు. ఓడిపోతే మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా నా తలమీద చెయ్యి వేసి అలా కూర్చుండిపోయేవాడు. ఆయన పోయి ఎన్నో ఏళ్ళయింది. నిన్న నాలుగో గోలు పడ్డప్పుడు ఆ చెయ్యి నా తలమీద ఉన్నట్టే ఉంది. దాన్ని మార్చుకోమంటావా?" అంది.

నాకు ఆ వయసులో పూర్తిగా అర్థం కాలేదు. ఇప్పుడు అవుతోంది.

ఎవరూ పట్టికలు చూసి, లాభనష్టాలు బేరీజు వేసుకుని ఒక జట్టుకి అభిమాని అవరు. అలా అయినవాళ్ళు ఆ జట్టు ఓడగానే ఇంకో జట్టుకి మారిపోతారు. జీవితాంతం ఉండే అభిమానం ముందు ఒక మనిషి మీద పుడుతుంది. నాన్నో, తాతయ్యో, మేనమామో చిన్నప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని "అదిగో మనవాళ్ళు" అంటారు. ఆ "మన" అనే మాటలోనే ఉంది కిటుకంతా. అమ్మ చేతి ఆవకాయ రుచిలాగే ఇదీ ఊహ తెలియకముందే అలవడుతుంది.

ఇంకో సంగతి. కట్టిపడేసేది గెలుపు కాదు, ఓటమి. గెలిచిన రోజు ఊరంతా చుట్టాలే. ఓడిన రోజు పక్కన మిగిలినవాళ్ళే మనవాళ్ళు. కష్టంలో కలిసి ఏడ్చిన తోడికోడళ్ళు తర్వాత విడిపోవటం మీరెప్పుడైనా చూశారా?

ఇక్కడ మన హైదరాబాదు సంగతి చెప్పకపోతే నాకు మనసొప్పదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది మన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు. దాన్ని తీర్చిదిద్దినది సయ్యద్ అబ్దుల్ రహీమ్‌గారు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో ఆయన కన్నుమూశారు. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1957లో కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌కి ఆడి, ఆ ఊరి వాళ్ళకి ఆత్మీయుడైపోయాడు. 2023లో చనిపోయేదాకా బెంగాల్లోనే ఉండిపోయాడు.

మరి అంతటి సిటీ పోలీసు జట్టు పేరు ఇవాళ మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? 2024లో రహీమ్‌గారి మీద "మైదాన్" అనే హిందీ సినిమా వచ్చాక, "ఈయన మన ఊరివాడా!" అని ఆశ్చర్యపోయినవాళ్ళే ఎక్కువ. కప్పులకి తక్కువేం లేదు. కాని ఇళ్ళలో పెద్దలు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ కథ చెప్పటం ఎక్కడో ఆగిపోయింది. చెప్పేవాళ్ళు లేకపోతే గెలుపులు కూడా అటక మీద ఇత్తడి బిందెల్లా చిలుం పట్టిపోతాయని నాకనిపిస్తుంది.

అలాగని అభిమానమంతా మంచిదే అని నేను చెప్పను. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల ఆట జరుగుతుండగా ప్రేక్షకుల మధ్య గొడవ రేగి, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. ఆట చూసొస్తానమ్మా అని వెళ్ళి తిరిగిరాని పిల్లలు! ఏ జట్టు గెలిస్తే ఆ తల్లులకేం? వాళ్ళ జ్ఞాపకార్థం ఆ రోజున అక్కడ రక్తదాన శిబిరాలు పెడుతున్నారు. "మనవాళ్ళు" అనటం నేర్పిన నోటితోనే "అవతలివాళ్ళూ మనుషులే" అనికూడా నేర్పాలి. ఆ రెండో పాఠం చెప్పకపోతే మొదటిది విషమవుతుంది.

ఆ పాఠం నేర్చుకున్నారని నాకు తెలిసిన రోజు ఒకటుంది. 2024 ఆగస్టులో కలకత్తా ప్రభుత్వ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న ఒక యువ డాక్టరుకి జరిగిన ఘోరం మీకందరికీ తెలుసు. ఆ నెల 18న జరగాల్సిన మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ డ్యూరాండ్ కప్పు ఆటని భద్రత పేరు చెప్పి రద్దు చేశారు. ఆట లేకపోయినా అభిమానులు స్టేడియం దగ్గరికి వచ్చారు. నూరేళ్ళుగా ఎదురెదురుగా నిలబడ్డ రెండు జెండాలు ఆ రోజు పక్కపక్కన నిలబడి, ఆ ఆడపిల్లకి న్యాయం కావాలన్నాయి. మహమ్మడన్ క్లబ్బు అభిమానులూ వాళ్ళతో కలిశారు.

ఆ రాత్రి మాసీమాకి ఫోను చేశాను. ఇప్పుడావిడకి 80 దగ్గర పడుతున్నాయి. "మా మనవరాలు కూడా వెళ్ళిందమ్మా. తాతగారి ఎరుపూ పసుపూ చొక్కా వేసుకుని వెళ్ళింది. మెడలో మాత్రం నా ఆకుపచ్చా మెరూనూ శాలువా" అంది. గొంతులో అంత గర్వం 1997లో గెలిచినా వినిపించేది కాదేమో.

కాబట్టి అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, ఈసారి మీ అబ్బాయో అమ్మాయో జట్టు ఓడిపోయిందని మూతి ముడుచుకుని కూర్చుంటే "నీకెందుకురా" అని కసరకండి. పక్కన కూర్చోండి. తలమీద చెయ్యి వెయ్యండి. ముప్ఫై ఏళ్ళ తర్వాత వాళ్ళకి ఆ స్కోరు గుర్తుంటుందో లేదో గాని, మీ చెయ్యి మాత్రం గుర్తుంటుంది.

సెలవు.