కాన్పు కుట్లు – దాచకుండా చెప్పుకోవలసిన నాలుగు మాటలు
(సంఘం మహిళా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఈ రోజు మాట్లాడబోయే విషయం వినగానే కొందరు ఆపాలు "నలుగురిలో ఎలా చెప్తారమ్మా?" అన్నారు. అన్సార్ స్త్రీలకు ధర్మం తెలుసుకోవడంలో సిగ్గు అడ్డు రాలేదని హజ్రత్ ఆయిషా (ర.అ.) మెచ్చుకున్న సంగతి మనకు తెలిసినదే. మన బెజవాడలోనే వైద్యం చేసి, 1957లో ఇక్కడి నుంచి పార్లమెంటుకు వెళ్ళిన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబగారు కాన్పు గురించీ, శిశుపోషణ గురించీ తెలుగులో పుస్తకమే రాశారు. ఇంట్లో ఆడవాళ్ళు చదివి తెలుసుకోవాలనే గదా! ఆ ధైర్యంతోనే మేమూ చెప్తున్నాము.

కాన్పు సమయంలో బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు యోనిద్వారానికీ మలద్వారానికీ మధ్యనున్న భాగం బాగా సాగుతుంది. డాక్టర్లు దీన్ని పెరీనియం అంటారు. సాగలేకపోతే చిరుగుతుంది, లేదా డాక్టరే కత్తెరతో కోత పెడతారు. మన ఇళ్ళలో "కింద కుట్లు పడ్డాయి" అంటామే, అదే ఇది. చిరుగులు నాలుగు రకాలు. మొదటిది పైచర్మానికే. రెండోది లోపలి కండరానికి. మూడోది మలద్వారాన్ని బిగించి వుంచే కండరం దాకా పోతుంది. నాలుగోది మలాశయం లోపలి పొర వరకూ. మొదటి రెండూ చాలామందికి అయ్యేవే, మానేవే. మూడూ నాలుగూ అరుదు గాని, సరిగ్గా కుట్టకపోతే జీవితాంతం బాధపెడతాయి.

ఎనిమిదో నెల దాటాక ఆ భాగానికి నూనెతో మర్దనా చేసుకుంటే చిరగకుండా వుంటుందా అని ఈ మధ్య మన అమ్మాయిలు అడుగుతున్నారు. జవాబు ముందే చెప్తాము. మొదటి కాన్పు వారికి కొంత మేలు వుంది. కొంతే. పెద్ద చిరుగులను ఆపుతుందని మాత్రం రుజువు కాలేదు.

కెనడాలోని క్విబెక్‌లో 1,527 మంది గర్భిణులతో చేసిన పరిశోధన 1999లో వెలువడింది. అంతకు ముందు మామూలు కాన్పు కాని వారిలో, మర్దనా చేసుకున్న వందమందిలో 24 మందికి ఏ చిరుగూ, కోతా లేకుండా కాన్పయింది. చేసుకోనివారిలో అది 15 మందికే. అంతకు ముందు కాన్పులైన వారిలో తేడా పెద్దగా కనపడలేదు. ఇలాంటి నాలుగు పరిశోధనలను, మొత్తం 2,497 మందిని కలిపి చూసిన 2013 నాటి సమీక్ష కూడా ఇంచుమించు ఇదే చెప్పింది. సుమారు 15 మంది చేసుకుంటే ఒకరికి కుట్లు తప్పాయి. అందులోనూ ఎక్కువ భాగం కత్తెర కోత తగ్గడం వల్లనే. ముందు కాన్పులైన తల్లులకు మూడు నెలల తర్వాత నొప్పి తక్కువగా వుండడం మరొక లాభం.

చేసుకునే పద్ధతి కష్టమేమీ కాదు. 35వ వారం నుంచి, డాక్టరమ్మనో నర్సమ్మనో అడిగి మొదలు పెట్టాలి. వారానికి ఒకటి రెండు సార్లు, ఐదు పది నిమిషాలు చాలు. రోజూ చేస్తే ఫలితం రెట్టింపు అవుతుందనేమీ లేదు. గోళ్ళు తీసుకుని, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. వాసన కలపని బాదం నూనె గాని, శుభ్రమైన కొబ్బరి నూనె గాని రాసుకుని, బొటనవేలిని మొదటి కణుపు దాటేంత లోపల వుంచి, కిందికీ రెండు పక్కలకూ మెల్లగా నొక్కి సాగదీయాలి. కాస్త మంట, లాగినట్లు అనిపించడం సహజం. నొప్పి పుడితే ఆపాలి. కడుపు అడ్డమై చేయి అందకపోతే భర్త సాయం చేయవచ్చు.

రక్తస్రావం అవుతున్నవారు, మాయ కిందికి వున్నదని స్కానింగ్‌లో తేలినవారు, ఉమ్మనీరు పోయినవారు, నెలలు నిండకుండా నొప్పులు వచ్చే భయం వున్నవారు, యోనిలో పుండ్లు గాని చీము గాని వున్నవారు దీని జోలికి పోకూడదు.

ఇంకొక మాట. ఇంట్లో ఎంత మర్దనా చేసుకున్నా, తొలిచూలు వారందరికీ అలవాటుగా కత్తెర వేసే చోట దానివల్ల ఏం లాభం? కోత పెడితే పెద్ద చిరుగు తప్పుతుందని చాలాకాలం నమ్మారు. 1993లో అర్జెంటీనాలో 2,606 మందిపై జరిగిన పరిశోధన ఆ నమ్మకాన్ని కదిలించింది. ఒక వర్గంలో వందకు 83 మందికి, మరొక వర్గంలో అవసరం చూసి 30 మందికి కోత పెట్టారు. తక్కువ కోసిన చోట పెద్ద చిరుగులు పెరగలేదు. అలవాటుగా కోయడం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. బిడ్డ ప్రమాదంలో వున్నప్పుడో, ఫోర్సెప్స్ వేయవలసి వచ్చినప్పుడో కోత అవసరం కావచ్చు. అది డాక్టరు నిర్ణయం. కాని "మీ దగ్గర అందరికీ కోస్తారా, అవసరమైతేనే కోస్తారా?" అని ముందుగా మర్యాదగా అడగడం మన హక్కు.

అలాగే, బిడ్డ తల దిగుతున్నప్పుడు ఆ భాగానికి గోరువెచ్చని తడిబట్ట అద్దితే పెద్ద చిరుగులు సగానికి దగ్గరగా తగ్గాయని పరిశోధనల్లో తేలింది. ఇంటి మర్దనా చేయలేని పని ఇది చేస్తున్నది! ఖర్చు లేదు, మందు లేదు. పక్కన ఓపిగ్గా ఒక మనిషి వుండాలి, అంతే. హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011 నుంచి మిడ్‌వైఫ్‌లకు శిక్షణ ఇస్తున్నదీ, మిడ్‌వైఫ్ సేవలకు కేంద్ర ప్రభుత్వం 2018లో మార్గదర్శకాలు ఇచ్చినదీ తల్లి పక్కన అలాంటి మనిషి వుండాలనే. వెనక మన వాడల్లో దాయి అమ్మ చేసిన ఓర్పు పని ఇదే. దానికి చదువూ శుభ్రతా తోడయ్యాయి.

"ఈ బాధలన్నీ ఎందుకు, ఆపరేషన్ చేయించేస్తే పోలా?" అనేవారూ వున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో వందకు 42 కాన్పులు ఆపరేషన్లే. అవసరమైతే అది ప్రాణదానం. కుట్ల భయంతో మాత్రం కడుపు కోయించుకోవడం చిన్న గాయానికి జడిసి పెద్ద గాయం తెచ్చుకోవడమే అవుతుంది.

ఇక కాన్పయ్యాక. చిల్లా నలభై రోజులూ బాలింతకు విశ్రాంతి ఇవ్వడం మన పెద్దల మంచి అలవాటు. అయితే కొన్ని ఇళ్ళలో పథ్యం పేరుతో నీళ్ళు కట్టడి చేస్తారు. నీళ్ళు తక్కువైతే విరేచనం గట్టిపడుతుంది, ముక్కితే కుట్ల మీద భారం పడుతుంది. కడుపునిండా నీళ్ళు, పండ్లు, ఆకుకూరలు ఇవ్వండి. కుట్లను మంచినీళ్ళతో కడిగి, మెత్తని శుభ్రమైన బట్టతో అద్ది ఆరనివ్వాలి.

జ్వరం, చీము, దుర్వాసన, రోజురోజుకూ పెరిగే నొప్పి – వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. అన్నిటికంటే ముఖ్యం, తెలియకుండా గాలి పోవడం, విరేచనం ఆగకపోవడం. ఈ బాధ వున్న స్త్రీ వుజూ నిలవక నమాజుకు కుమిలిపోతుంది, పెళ్ళిళ్ళకు రాదు, భర్తకు చెప్పదు. "కాన్పంటే అంతేనమ్మా" అని అత్తగారు సరిపెడతారు. అంతే కాదు! అది కండరం చిరిగిన గుర్తు కావచ్చు. దానికి వైద్యం వుంది. వ్యాయామాలున్నాయి, అవసరమైతే మళ్ళీ కుట్టే ఆపరేషనూ వుంది. ఎంత త్వరగా చూపిస్తే అంత మేలు.

కాబట్టి మా మనవి ఇది. తొలిచూలు అమ్మాయిలు ఇష్టమైతే మర్దనా చేసుకోండి. చేసుకోలేకపోయినా తప్పేమీ లేదు. చేసుకున్నా కుట్లు పడితే అది మీ లోపం కాదు. అత్తలూ అమ్మీలూ, నలభై రోజుల్లో ఒక్కసారైనా కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని "కుట్లెలా వున్నాయి బేటీ, గాలీ విరేచనం ఆగుతున్నాయా?" అని అడగండి. భర్తలు ఆసుపత్రికి తోడు వెళ్ళండి. ఆ ఒక్క ప్రశ్న అడిగే ఇల్లు మన సంఘంలో ప్రతి ఇల్లూ కావాలని అల్లాహ్‌ను వేడుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.

ఖుదా హాఫిజ్.