రిసెప్షన్‌లో ఏ పాటలు?

పెళ్లి తంతులో సన్నాయి మేళం పని ముహూర్తాన్ని బట్టి సాగుతుంది. రిసెప్షన్‌కు అలాంటి కట్టుబాటు లేదు. వేదిక మీద వధూవరులు, కింద పలకరింపులు, పక్కన భోజనాలు. వినడానికే వచ్చినవారు అరుదు. అందుకే వయొలిన్, వేణువు, కీబోర్డు వాద్యబృందాలు ఇక్కడ బాగా ఇముడుతాయి. మాటలు లేని సంగీతం మాటలకు అడ్డురాదు.

అతిథులు వచ్చే వేళకు హంసధ్వని, మోహన, కల్యాణి వంటి రాగాలు నప్పుతాయి. శోకం ధ్వనించే ముఖారి, శుభపంతువరాళి రాగాలను సాధారణంగా పక్కన పెడతారు. సుదీర్ఘమైన ఆలాపనకు ఇది చోటు కాదు. త్యాగరాజు ‘సీతాకల్యాణ వైభోగమే’ మాత్రం ఎక్కడైనా చెల్లుతుంది.

సినిమా పాటల దగ్గరే జాగ్రత్త కావాలి. 1957 నాటి ‘మాయాబజార్’లోని ‘లాహిరి లాహిరి’ మోహన రాగంలోది. తాతల నుంచి మనవల వరకు అందరికీ తెలుసు. 1953 నాటి ‘దేవదాసు’లోని ‘జగమే మాయ’ ఎంత గొప్ప పాటైనా కొత్త దంపతుల ముందు ఎవరూ వాయించరు. బాణీ నచ్చిందని విరహగీతాన్ని ఎంచుకోవడం తరచూ జరిగే పొరపాటు. వాద్యం మీద పలికించినా వినేవారికి సాహిత్యం గుర్తొస్తూనే ఉంటుంది.

పెళ్లి వేడుకల్లో పాటలు వాయించడానికి కాపీరైట్ చట్టం మినహాయింపు ఇస్తోంది. బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్లను మాత్రం 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం సాధారణంగా రాత్రి 10 గంటలకు ఆపాలి. ముగింపుకు ఆనవాయితీగా మధ్యమావతి వాయిస్తారు.