గల్ఫ్ నుంచి గుండె ఆపరేషన్‌కి

వానలు మొహం చాటేసిన ఏడాది మన తాడిపత్రి పక్క పల్లెల నుంచి ఎవరో ఒకరు గల్ఫ్ విమానం ఎక్కుతారు. అక్కడ డాక్టరు గుండె వాల్వు చెడిందంటే చాలు, ఆపరేషన్ ఖర్చు తలుచుకుని సగం ప్రాణం పోతుంది.

వాళ్ళకు చెప్పండి, పుట్టపర్తి ఉందని. ప్రశాంతిగ్రామంలోని సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిని 1991 నవంబరు 22న అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించారు. హార్డ్ రాక్ కేఫ్ స్థాపకుల్లో ఒకరైన ఐజాక్ టిగ్రెట్ దాని నిర్మాణానికి భారీ విరాళమిచ్చారు. అక్కడ బిల్లు కౌంటరే లేదు. బైపాస్ అయినా, వాల్వు మార్పిడి అయినా, పసిబిడ్డ గుండెలో రంధ్రం మూయడమైనా ఉచితమే. కరువు సీమకు ఇంతకంటే పెద్ద ధైర్యం ఏముంటుంది!

కాకపోతే, అవసరాన్ని బట్టి ఆపరేషన్‌కి వరుసలో ఆగాల్సి రావచ్చు. అందుకే జబ్బు ముదరకముందే రావాలి. ఈసీజీ, ఎకో, యాంజియోగ్రాం సీడీ, మందుల చీటీ, అన్నీ వెంట తెచ్చుకోవాలి.

రెండో దారి ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకం. 2007 ఏప్రిల్‌లో అది మొదలైన తొలి మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. అందుకోసం గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళ పేరు రేషన్ కార్డులో ఉందో లేదో ఇంట్లోవాళ్ళు ఈ రోజే చూడండి.

గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళు తీసుకునే ప్రవాసీ భారతీయ బీమా యోజనలో 10 లక్షలు ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి. దాన్ని నమ్ముకుని గుండె ఆపరేషన్ వాయిదా వేయకండి.

ఉన్నట్టుండి ఛాతీ నొప్పి, చెమటలు వస్తే మాత్రం పుట్టపర్తి దాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి దగ్గర్లోని ఆసుపత్రికే వెళ్ళండి.