జనాభా లెక్కల్లో మన నాయనమ్మలు ఎక్కడ?

(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మా ఇంట్లో 1950ల నాటి ఫోటో ఒకటి ఉంది. తాతయ్య కుర్చీలో కూచుని ఉంటాడు. ఆయన వెనక నాయనమ్మ, చంకలో మా నాన్న. ఇంకో పక్కన, ఫ్రేము అంచుకి దగ్గరగా, మరో స్త్రీ నిలబడి ఉంటుంది. చిన్నప్పుడు ఆమె ఎవరని అడిగితే ఒకరు "దూరపు చుట్టం" అన్నారు. ఇంకొకరు "పెద్దామె" అని ఊరుకున్నారు. నాయనమ్మ అయితే "నీకెందుకే ఆ గోల, అన్నం తిను" అనేది. ఇతరుల కుటుంబాల మీద వందల పేజీలు రాసి డాక్టరేట్ తెచ్చుకున్న నాకు, మా గోడ మీది ఫోటోలో ఉన్న మనిషెవరో నలభై ఏళ్లు దాటేదాకా తెలియలేదు.

ఇలాంటి మనిషి మీ ఇళ్లలో కూడా ఉండే ఉంటుంది. కుటుంబ చరిత్రలో చిక్కుముడి ఉందంటే, చాలాసార్లు అక్కడ ఒక స్త్రీ దాగి ఉందని అర్థం. ఆ ముడి విప్పటానికి జనాభా లెక్కలు ఎంతవరకు పనికొస్తాయి, ఎక్కడ మొండిచెయ్యి చూపిస్తాయి, ఇది మన పనికి ఎందుకు అవసరం అన్నవి ఇవాళ మాట్లాడుకుందాం.

తెరిచిన లెక్కలు

ముందుగా ఈ కాగితాలు జనానికి అందుబాటులో ఉన్న దేశాల సంగతి చూద్దాం. ఇంగ్లండులో 1841 నుంచి 1921 దాకా ఇంటింటి లెక్కలు ఎవరైనా చూడవచ్చు. నూరేళ్లు దాటాక బయటపెట్టటం అక్కడి పద్ధతి. 1921 లెక్కలు 2022 జనవరిలో బయటికొచ్చాయి. అమెరికాలో గడువు 72 ఏళ్లు. 1950 నాటివి 2022 ఏప్రిల్‌లో విడుదల చేశారు.

ఈ కాగితాలు చదవటానికి ఒక పద్ధతి ఉంది. ఒకే ఏడాది కాగితం చూస్తే ఏమీ తెలియదు. పదేళ్ల ముందుదీ, పదేళ్ల తర్వాతదీ పక్కన పెట్టుకోవాలి. ఒక ఇంట్లో తల్లికి 48, పెళ్లికాని కూతురికి 19, చివర్లో నెలల పిల్లవాడు. ఆ పిల్లవాడికి పైవాడు పన్నెండేళ్లవాడు. చివరివాణ్ణి ఇంటి యజమాని కొడుకుగా రాశారు. ఇలాంటిచోట ఆగి చూడాలి. పెళ్లికాని కూతురి బిడ్డని అమ్మమ్మ తన బిడ్డగా చెప్పి ఉండవచ్చు. అయితే అనుమానం రుజువు కాదు. జనన నమోదుతో పోల్చాకే ఏదైనా అనాలి. అలాగే మొగుడు వదిలేసిన ఆడది "వితంతువు" అని రాయించుకుని ఉంటుంది. అబద్ధం చెప్పిందని మనం తీర్పు చెప్పే ముందు, ఆ అబద్ధం చెప్పకపోతే ఆమెకు అద్దెకి గది దొరికేదా అని అడగాలి.

ఇంగ్లండులో 1911లోనూ, అమెరికాలో 1900, 1910లలోనూ స్త్రీలని ఒక ప్రశ్న అడిగారు: ఎంతమంది బిడ్డలు పుట్టారు, ఎంతమంది బతికి ఉన్నారు? ఇంటి కథల్లో ముగ్గురు పిల్లలే ఉంటారు. కాగితంలో ఎనిమిదిమంది పుట్టారు, ముగ్గురు మిగిలారు అని ఉంటే, ఆ తల్లి ఎందుకు అంత మౌనంగా ఉండేదో మనవరాలికి అప్పుడు తెలుస్తుంది.

కాగితంలో లేకపోవటానికి కూడా అర్థం ఉంటుంది. 1911 ఏప్రిల్ 2 రాత్రి ఇంగ్లండులో ఓటు హక్కు ఉద్యమ స్త్రీలు లెక్కల్ని బహిష్కరించారు. ఓటు లేనప్పుడు లెక్క కూడా వద్దన్నారు. ఆ రాత్రి ఎమిలీ డేవిసన్ పార్లమెంటు భవనంలోని ప్రార్థనా మందిరంలో ఒక చిన్న గదిలో దాక్కుంది. పార్లమెంటు చిరునామాతోనే లెక్కలోకి ఎక్కింది. మీ ముత్తవ్వ ఒక ఏడాది లెక్కలో లేదంటే చనిపోయిందనో, ఊరు మారిందనో వెంటనే అనుకోకూడదు. ఆమె లెక్కకి రాను అని ఉండవచ్చు కూడా.

మాయం చేయటం గురించి ఇంకో రెండు మాటలు. అమెరికాలో 1850, 1860 లెక్కల్లో బానిసలకి వేరే పట్టికలు పెట్టారు. యజమాని పేరు కింద వాళ్ల వయసు, ఆడా మగా, రంగు రాశారు. పేర్లు దాదాపు రాయనే లేదు. అందుకే నల్లజాతి కుటుంబాలవాళ్లు వెనక్కి వెతుక్కుంటూ వెళ్తే 1870 దగ్గర గోడ అడ్డం వస్తుంది. ఇంగ్లండులో 1881 నుంచి ఇంటిపని చేసే భార్యల్ని "వృత్తి లేనివారి"లో వేశారు. పని అంతే ఉంది. గడి మారింది. కాగితం రాసేవాడి చేతిలో ఇంత అధికారం ఉంటుంది.

మూసిన లెక్కలు

మన సంగతికి వద్దాం. మన దేశంలో ఇంటింటి కాగితాలు మనకి దొరకవు. దొరికేవి పట్టికలు, నివేదికలు. 1948 జనాభా లెక్కల చట్టం 15వ సెక్షను ప్రకారం ఆ రికార్డుల్ని తనిఖీ చేసే హక్కు ఎవరికీ లేదు. ఆ చట్టం కింద పెట్టిన కేసుల్లో తప్ప కోర్టులో సాక్ష్యంగానూ చెల్లవు. దీన్ని పూర్తిగా తప్పుపట్టలేం. కులం, మతం, ఒంటరితనం బయటపడితే ఏమవుతుందో మనకి తెలుసు. గోప్యత బలహీనులకి రక్షణ కూడా. కానీ నూరేళ్ల తర్వాతైనా చూడగలిగే దారి ఉండాలని అడగటం తప్పు కాదు.

అదే చట్టం 8వ సెక్షను చూడండి. అధికారి అడిగిన ప్రశ్నలకి జవాబు చెప్పటం బాధ్యత అంటూనే ఒక మినహాయింపు పెట్టింది. తన ఇంట్లోని స్త్రీ పేరు చెప్పి తీరాలని ఎవరినీ నిర్బంధించకూడదు. స్త్రీ కూడా తన భర్త పేరు, చనిపోయిన భర్త పేరు, ఆచారం ప్రకారం పలకకూడని మరెవరి పేరైనా చెప్పనక్కర్లేదు. మొగుడి పేరు చెప్పటానికి సిగ్గుపడే ఆడవాళ్ల మీద మనం జోకులు వేసుకుంటాం. ఆడదాని పేరు దాచుకోవటానికి చట్టమే చోటిచ్చిందని ఎంతమందికి తెలుసు?

దీని ఫలితం తొలి సాధారణ ఎన్నికల్లోనే కనిపించింది. 1951–52లో దాదాపు 8 కోట్ల మంది స్త్రీ ఓటర్లలో సుమారు 28 లక్షల మంది తమ పేరు చెప్పలేదు. ఫలానావాడి భార్యని, ఫలానావాడి తల్లినని రాయించుకున్నారు. ఆ పేర్లని జాబితా నుంచి తీసేశారు. వాళ్లలో ఎక్కువమంది బీహారు, ఉత్తరప్రదేశ్, మధ్యభారత్, రాజస్థాన్, వింధ్యప్రదేశ్ ప్రాంతాలవాళ్లు. పేరు లేకపోతే ఓటూ లేదు.

ఫోటోలోని మనిషి

మా ఇంటి ముడి విడింది కూడా ఓటర్ల జాబితాతోనే. మా ఊరి కరణంగారి ఇంట్లో, ట్రంకుపెట్టె అడుగున, ఆ తొలి ఎన్నికల నాటి జాబితా ప్రతి ఒకటి మిగిలి ఉంది. మా ఇంటి నంబరు కింద తాతయ్య పేరు. ఆ తర్వాత ఇద్దరు స్త్రీలు, ఇద్దరికీ భర్త పేరు ఒకటే. ఒకరికి 31 ఏళ్లు, ఒకరికి 22. రెండో ఆమె మా నాయనమ్మ. మొదటి ఆమెకి కూడా సొంత పేరుంది. అరవై ఏళ్లుగా మా ఇంట్లో ఎవరూ పలకని పేరు.

మద్రాసు రాష్ట్రంలో హిందువులకి రెండో పెళ్లిని నిషేధించే చట్టం 1949లో వచ్చింది. తాతయ్య రెండో పెళ్లి 1948లో జరిగింది. ఆమెకి పిల్లలు కలగలేదన్నది కారణం. ఆమె పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరంన్నర తర్వాతి కాగితాల్లో తాతయ్య పేరు మీద ఉంది. ఆమెని "చుట్టం" అని ఎందుకు పిలిచారో అప్పుడు నాకు అర్థమైంది. చుట్టానికి పొలం ఉండదు కదా. ఆమె పేరు ఇక్కడ చెప్పటం లేదు. ఆమె అన్నదమ్ముల పిల్లలు ఉన్నారు, వాళ్లని ఇంకా అడగలేదు. చెప్పటానికి ముందు అడగటం కూడా మన పద్ధతిలో భాగం కావాలి.

మన పనికి దీని అవసరం

మన కేంద్రాలకి వచ్చే ఆస్తి తగాదాల్లో మొదటి ప్రశ్న "నువ్వు ఎవరి కూతురివి, రుజువేది?" అన్నది. ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో హక్కునిచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అప్పటికే పెళ్లయినవాళ్లకి అది వర్తించలేదు. 2005లో దేశమంతటికీ కేంద్ర సవరణ వచ్చింది. కూతురికి ఈ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. హక్కు వచ్చింది. కాగితంలో మనిషి లేకపోతే ఆ హక్కుని పట్టుకునేది ఎవరు?

అందుకని కొన్ని పనులు చెబుతాను. బతికి ఉన్న పెద్దవాళ్లతో మొదలుపెట్టండి. ప్రతి స్త్రీకీ సొంత పేరు, పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు అడిగి రాయండి. పెళ్లిలో పేరు మార్చారేమో తప్పక అడగండి. జనాభా లెక్కల కోసం కోర్టులో ఎదురుచూడకండి. పాత ఓటర్ల జాబితాలు, బడి రిజిస్టర్లు, జనన మరణ నమోదు, రేషను కార్డులు, పహాణీలు, అడంగళ్లు వెతకండి. ఒక్క కాగితం రుజువు కాదు. మూడు ఒకే మాట చెబితే బలం వస్తుంది. ప్రతి కాగితం దగ్గరా మూడు ప్రశ్నలు వేసుకోండి: చెప్పింది ఎవరు, రాసింది ఎవరు, ఏ గడి ఖాళీగా ఉంది?

ఒక్కోసారి మనం ఊహించని కాగితంలో స్త్రీ పేరు దొరుకుతుంది. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నేటాలుకి సుమారు లక్షా యాభై రెండు వేలమందిని కూలి ఒప్పందం మీద ఓడల్లో తీసుకుపోయారు. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. ఆ ఓడల జాబితాల్లో స్త్రీకి కూడా సొంత నంబరు, సొంత పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా ఉన్నాయి. ఆమె శ్రమ కావలసి వచ్చింది కనక ఆమె పేరూ కావలసి వచ్చింది. వాళ్ల మునిమనవలు ఇవాళ ఆ జాబితాలు పట్టుకునే మన ఊళ్లకి వస్తున్నారు.

ఇక ముందు సంగతి. 1991 లెక్కల్లో పని గురించిన ప్రశ్నకి "పొలంలోగానీ ఇంటి వ్యాపారంలోగానీ జీతం లేకుండా చేసే పనితో సహా" అన్న మాటలు చేర్చారు. అది ఊరికే రాలేదు, స్త్రీలు అడిగితే వచ్చింది. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టిన లెక్కలకి 2025 జూన్‌లో నోటిఫికేషన్ వచ్చింది. ఈ లెక్కల గురించి మన సంఘాల్లో చర్చ పెట్టండి. గుమ్మం దగ్గర జవాబు చెప్పేది ఇంటి మగవాడు ఒక్కడే కాకూడదు. ప్రతి స్త్రీ తన పేరు, తన పని, తన వయసు తనే చెప్పాలి. చట్టం నిర్బంధించకపోయినా మనం చెప్పాలి.

ఇంటికి వెళ్లాక మీ పాత ఫోటోలు తీయండి. అంచున నిలబడిన మనిషెవరో అడగండి. "నీకెందుకే ఆ గోల" అంటే, ఇంకోసారి అడగండి.