తుపాను గృహమున రాత్రి దీపము



1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను మీలో కొందరు కన్నులార చూచియుందురు. ఆ పిదప మన తీరమున స్తంభములపై తుపాను గృహములు అనేకములు కట్టబడినవి. వానివలన ప్రాణములు దక్కుచున్నవి. కాని గాలి చెలరేగిన వెంటనే కరెంటు పోవును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినపుడు విద్యుత్ స్తంభములు వేలకొలది కూలి, విశాఖపట్టణమే దినముల తరబడి చీకటిలో నుండెను. మారుమూల పల్లెల మాట చెప్పనేల?

జనము క్రిక్కిరిసిన గదిలో ప్రసవవేదన పడు స్త్రీకి, మెట్లు దిగవలసిన వృద్ధునకు, మరుగుదొడ్డికి పోవలసిన ఆడపిల్లకు దీపము కావలయును. సెల్‌ఫోనులో ఛార్జి అడుగంటినచో సహాయము కోరుటకును దారిలేదు. డీజిలు జనరేటరు కలదందురా? దారులు తెగినపుడు డీజిలు తెచ్చువారెవ్వరు?

"తుపాను నాడు సూర్యుడెక్కడ?" అని మీరు నవ్వవచ్చును. ప్రశ్న సరియైనదే. మేఘములు క్రమ్మినపుడు సౌరఫలకములిచ్చు విద్యుత్తు మిక్కిలి స్వల్పము. ఆ రాత్రి మనకు వెలుగునిచ్చునది బాటరీలో దాచిన మొన్నటి ఎండ. లెక్క చూడుడు. 10 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు 10, రాత్రికి 12 గంటలు వెలిగినచో 1.2 యూనిట్లగును. నలుబది సెల్‌ఫోనులకు మరి ముప్పాతిక యూనిటు. రమారమి 2 యూనిట్లనుకొందము. మూడు రాత్రులకు 6. సీసపు బాటరీని సగమునకు మించి ఖాళీ చేసినచో త్వరలో చెడును గనుక, 12 యూనిట్లు పట్టునది కావలయును. లిథియము బాటరీకి వెల హెచ్చు. అయినను ఇంత పెద్దది అక్కరలేదు. ఎండ వచ్చిన పిమ్మట ఒక కిలోవాటు ఫలకములు దినమునకు సుమారు 4 యూనిట్లిచ్చును. తీగలు బాగుపడువరకు దానితో గడుపవచ్చును. నీటి మోటారు కూడ నడుపుదమన్నచో ఈ లెక్క తారుమారగును. తొట్టిని ముందే నింపుకొనుట మేలు.

బాటరీలను మీది అంతస్తుననే ఉంచుడు. ఉప్పునీరు తగిలినచో అవి పనికిరావు. ఫలకములను ఎత్తుగా నిలిపినచో గాలి వానిని తెరచాపవలె పట్టును. డాబాకు దగ్గరగా, తుప్పుపట్టని బోల్టులతో బిగింపవలయును. ఉప్పుగాలి పేరుకొనకుండ అప్పుడప్పుడు మంచినీట కడుగవలయును.

తాళము వేసి విడిచిన గదిలో ఈ సామగ్రి ఎంతో కాలము నిలువదు. సీసపు బాటరీలో నీరు ఇంకిపోవును, చూచువాడుండడు. పగలు అచట బడి నడపుడు, సాయంకాలము పిల్లలను ఆ దీపముల క్రిందనే చదువనిండు. దీపము వెలుగనినాడు వారే వచ్చి చెప్పుదురు. తాళపుచెవులు ఊరిలోనే ఇద్దరియొద్ద ఉండవలయును. బాటరీలో శుద్ధజలము పోయుటకు ఒక యువకుని నియమింపుడు.

ఏటేట సెప్టెంబరులో ఒక రాత్రి కరెంటు తీసివేసి అన్ని దీపములు వెలిగింపుడు. ఎన్ని గంటలు నిలిచినవో గోడపై వ్రాయుడు. నిరుటికంటె బాగుగ తగ్గినచో బాటరీ మార్చు కాలము సమీపించినదన్నమాట. సీసపు బాటరీలు నాలుగైదేండ్లకు మించి మన్నుట అరుదు. పంచాయతీ పద్దులో దానికై ప్రతి సంవత్సరము కొంత సొమ్ము వేరుగా ఉంచుడు.